బంతి ఎవరి చేతికిచ్చారు?

మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి కొట్టిన సెంచరీ గురించి రాయాల్సిందంతా రాసేశారు. 2024 డిసెంబరు 28. తను తొంభై తొమ్మిది మీద ఉండగా బుమ్రా అవుటవడం, ఆఖరివాడిగా వచ్చిన సిరాజ్ మూడు బంతులు కాచుకోవడం, ఆ తర్వాత బోలండ్ బంతిని మిడాన్ మీదుగా లేపిన ఫోర్, గ్యాలరీలో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు. చెన్నైకి దగ్గర్లోని నాయుడుపేటలో ఐపీఎల్ వచ్చిందంటే చెన్నై జట్టు వైపు మొగ్గేవాళ్లే ఎక్కువ. వాళ్లు కూడా ఆ పూట గాజువాక కుర్రాణ్ణి మనవాడన్నారు.

అదే మ్యాచ్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని లెక్క ఒకటుంది. ఆస్ట్రేలియా రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 206 ఓవర్లు ఆడింది. అందులో నితీశ్ వేసినవి ఎనిమిది. మొదటి ఇన్నింగ్స్‌లో ఏడు, రెండో ఇన్నింగ్స్‌లో ఒక్కటంటే ఒక్కటి. జట్టు జాబితాలో అతడి పేరు ఉన్నది సీమ్ బౌలింగ్ ఆల్‌రౌండర్ల వరసలో.

ఈ ఎనిమిది ఓవర్ల సంగతి నితీశ్ ఒక్కడితో మొదలైంది కాదు. తెలుగు ఇళ్ల నుంచి, తెలుగు నేల నుంచి అంతర్జాతీయ క్రికెట్‌కు వెళ్లిన ఆల్‌రౌండర్లను వరసబెట్టి చూస్తే ఒకే కథ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. రంజీలో రెండు చేతులా పని చేసినవాడు భారత జట్టులోకి వెళ్లేసరికి ఒంటిచేతి ఆటగాడవుతాడు. లోపం అతడిదా, అతణ్ణి వాడుకున్నవాళ్లదా? నితీశ్ తర్వాతి కపిల్ దేవ్ అవుతాడా కాడా అన్న చర్చ కంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఉపయోగం.

ఆల్‌రౌండర్‌ను తూచడానికి క్రికెట్ పండితులు వాడే తక్కెడ ఒకటుంది: బ్యాటింగ్ సగటులోంచి బౌలింగ్ సగటు తీసేయడం. మిగిలింది సున్నాకు పైన ఉంటే మంచి ఆల్‌రౌండర్. గ్యారీ సోబర్స్ టెస్టు సగటు 57.78, వికెట్‌కు ఇచ్చిన పరుగులు 34.03. కపిల్ దేవ్‌కు అవి 31.05, 29.64. అంటే 5248 పరుగులు, 434 వికెట్లు ఉన్న కపిల్ కూడా ఈ తూకంలో ఒకటిన్నర పరుగు మిగులుతో గట్టెక్కాడు. తక్కెడ చెడ్డదేం కాదు. కానీ వేసిన ఓవర్లనే తూస్తుంది, వేయనివ్వని ఓవర్లు దానికి కనపడవు.

మొదట సి.కె. నాయుడు. కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూర్‌లో, అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926 డిసెంబరులో ఆర్థర్ గిలిగన్ తెచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో 153 పరుగులు, పదకొండు సిక్సర్లు. ఆ ఇన్నింగ్స్ ధాటికి ఆయన పేరు పక్కన సిక్సర్ తప్ప ఇంకో మాట మిగల్లేదు. కానీ 1932 ఇంగ్లండ్ పర్యటన పుటలు తిప్పితే ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1618 పరుగులతో పాటు 65 వికెట్లు కనిపిస్తాయి. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ను అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది. మొత్తం ఫస్ట్‌క్లాస్ కెరీర్‌లో 11,825 పరుగులు, 411 వికెట్లు. సగటులు 35.94, 29.28. ఆ తక్కెడలోనే కపిల్ టెస్టు మిగులు కంటే నాలుగు రెట్లు పైన.

టెస్టుల్లో మాత్రం ఏడు మ్యాచ్‌లు, 350 పరుగులు, తొమ్మిది వికెట్లు. మొదటి టెస్టు ఆడేనాటికి ఆయనకు ముప్పై ఆరు దాటాయి. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్‌కు తొలి టెస్టు కెప్టెన్ అయింది కూడా రాజుగార్లు పక్కకు తప్పుకోబట్టే. అలా తప్పుకున్న పోర్‌బందర్ మహారాజా తన ఆట తనకు తెలిసిన మనిషి, ఆ పెద్దమనసుకు ఆయన్ను మెచ్చుకోవాలి. 1936లో అలా జరగలేదు. కెప్టెన్‌గా వెళ్లింది విజయనగరం రాచకుటుంబీకుడు విజ్జీ. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. ఆ జట్టులో నాయుడు గారికి జరిగిన అవమానాల మీద పుస్తకాల్లో చాలానే ఉంది, ఇక్కడ తవ్వను. ఓవల్‌లో గబ్బీ అలెన్ బంతి దెబ్బ తిన్నాక చేసిన 81 ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు కూడా అదే.

నాయుడు గారి అసలు బలం హోల్కర్ జట్టులో బయటపడింది. ఆయన నాయకత్వంలో ఆ జట్టు నాలుగుసార్లు రంజీ గెలిచింది. అక్కడ బంతి ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆయనే. 1945 మార్చిలో బొంబాయితో రంజీ ఫైనల్. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్ స్పిన్నర్, ఆల్‌రౌండర్. మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేశాడు. మొత్తం 917 బంతులు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒకే మనిషి వేసిన అత్యధిక బంతులు ఇవే. 428 పరుగులిచ్చి పదకొండు వికెట్లు తీశాడు. రెండో వైపు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున 249 నాటౌట్ చేసినా బొంబాయే గెలిచింది. తమ్ముడి మీద అన్నకున్న నమ్మకమో, మొండితనమో, వేరే బౌలర్ లేకపోవడమో, మూడూ కావచ్చు. వేళ్లు కాయలు కాచేదాకా బంతి మాత్రం అతడి చేతిలోనే ఉంది.

సి.ఎస్. ఫస్ట్‌క్లాస్ వికెట్లు 647. టెస్టుల్లో రెండు. పదకొండు టెస్టుల్లో రెండే, ఒక్కోటీ 179.50 పరుగుల ధరకు. భారత జట్టు ఆయన్ను ఆదుకోలేదు అనడానికి ఈ అంకె ఒప్పుకోదు. ఇచ్చిన ఓవర్లలో వికెట్ పడలేదు. కనుక నా వాదానికి మొదటి అడ్డంకి నాయుడు గారి ఇంట్లోనే ఉంది: ఒక్కోసారి కెప్టెన్ బంతి లాక్కోవడం న్యాయమే. రంజీ బ్యాట్స్‌మెన్‌ను తిప్పిన బంతి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వాళ్ల కాళ్ల దగ్గర మెత్తబడిపోవచ్చు.

ఇంకో మాట చెప్పి ముందుకు పోదాం. ఆంధ్ర జట్టు రంజీలోకి అడుగుపెట్టింది 1953-54లో, అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సీజన్‌లోనే. ఆ జట్టులో సి.కె. నాయుడు ఆడారు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిది. తెలుగువాళ్లకు ఆయన పుట్టుకతో దక్కలేదు గానీ ఆ ఒక్క సీజన్‌తో లెక్కలోకి వచ్చేశారు.

ఎం.ఎల్. జైసింహ విషయం త్వరగా తేల్చవచ్చు. 1939లో సికింద్రాబాద్‌లో పుట్టి, పదహారేళ్లపాటు హైదరాబాద్ జట్టును నడిపిన మనిషి. నడక, చొక్కా కాలరు, పట్టు రుమాలు అన్నీ కథలే. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఒకే టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసిన ఘనత ఆయనది. 1968లో బ్రిస్బేన్‌కు విమానం దిగీ దిగగానే 74, 101. ఇవి అందరికీ తెలుసు. ఫస్ట్‌క్లాస్‌లో ఆయనకు 431 వికెట్లున్నాయని, సి.కె. కంటే ఇరవై ఎక్కువని ఎంతమందికి తెలుసు? టెస్టుల్లో తొమ్మిది. భారత జట్టులో ఆయన బౌలింగ్ ఎవరికీ అవసరమైన పని కాదు. అప్పుడప్పుడు కొత్త బంతి వేయడానికి మనిషి కావాల్సి వస్తే ఇచ్చేవారు, అంతే.

సయ్యద్ అబిద్ అలీ దగ్గర ఆగాలి. ఈ ప్రశ్నకు అసలు పాఠం ఆయన కెరీరే. 1941లో హైదరాబాద్‌లో పుట్టారు. 1956లో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు సెలెక్టర్లు ఆయన్ను ఎంచింది ఫీల్డింగ్ చూసి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు పెట్టినప్పుడు ఉద్యోగం దొరికింది, అక్కడ వికెట్ కీపర్‌గా మొదలై బౌలర్‌గా మారారు. అప్పటి హైదరాబాద్ క్రికెట్‌ను బతికించింది ఇలాంటి బ్యాంకు కొలువులే.

1967 డిసెంబరులో అడిలైడ్‌లో మొదటి టెస్టు. పటౌడీ గాయంతో లేడు, చందూ బోర్డే కెప్టెన్. తొలి ఇన్నింగ్స్‌లో అబిద్ అలీ 55 పరుగులకు ఆరు వికెట్లు తీశారు. అదే సిరీస్‌లో సిడ్నీలో ఓపెనర్‌గా 78, 81. ఒకే పర్యటనలో, మొదటి పర్యటనలోనే, బంతితోనూ బ్యాటుతోనూ ఇంత చేసిన కొత్త ఆటగాడికి ఏమవ్వాలి? మరో ఏడేళ్లు ఆడారు. మొత్తం 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు. అడిలైడ్ తర్వాత మళ్లీ ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసింది లేదు.

కారణం ఆ కాలం తెలిసిన వాళ్లకు తెలుసు. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ ఉన్న జట్టులో మీడియం పేసర్‌కు ఇచ్చిన పని కొత్త బంతి మెరుపు పోగొట్టడం. అబిద్ అలీ ఒక వైపు, సోల్కర్ మరో వైపు నాలుగైదు ఓవర్లు వేసి బంతిని స్పిన్నర్లకు అప్పగించేవారు. వికెట్ తీయడం వాళ్ల పనిగా ఎవరూ అనుకోలేదు. పెళ్లి భోజనానికి విస్తళ్లు పరిచిన మనిషిని వడ్డనకు పిలవనట్టు ఉండేది ఆ ఏర్పాటు. 1971 ఆగస్టులో ఓవల్‌లో భారత్ ఇంగ్లండ్‌లో తొలిసారి సిరీస్ గెలిచినప్పుడు గెలుపు ఫోర్ కొట్టింది అబిద్ అలీ. ఫొటోల్లో ఆయన్ను జనం భుజాల మీదికి ఎత్తుకున్నారు. కానీ ఆ టెస్టును గెలిపించింది 38 పరుగులకు ఆరు వికెట్లు తీసిన చంద్రశేఖర్. ఆ ఏర్పాటు తప్పని ఎవరనగలరు?

ఆయన ఫస్ట్‌క్లాస్ అంకెలు 8732 పరుగులు, 397 వికెట్లు. సగటులు 29.30, 28.55. మిగులే. టెస్టుల్లో 20.36, 42.12. ఇరవై రెండు పరుగుల లోటు. లోటులో కొంత ప్రత్యర్థి బలం, ఒప్పుకుంటాను. మిగతాది పని ఒప్పందంలో ఉంది. ఎర్ర బంతి ఎర్రగా ఉన్నంతసేపే బౌలింగ్ చేసి, ఏడో ఎనిమిదో స్థానంలో బ్యాటింగ్‌కు దిగే మనిషికి సగటు ఎక్కణ్ణుంచి పెరుగుతుంది? 1975 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ మీద 70 పరుగులతో జట్టులో అందరికంటే ఎక్కువ చేసి, రెండు వికెట్లు కూడా తీశారు. వన్డే క్రికెట్ ఆయన కోసమే పుట్టినట్టుంది, కానీ ఆయనకు అయిదే దక్కాయి. తర్వాతి కాలంలో ఆంధ్ర జట్టుకు శిక్షకుడిగా పనిచేశారు. 2025 మార్చిలో కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

ఆ తర్వాత యాభై ఏళ్లు దాదాపు ఖాళీ. హైదరాబాద్ శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు లాంటి స్పిన్నర్లను, అజహర్, లక్ష్మణ్ లాంటి బ్యాటర్లను ఇచ్చింది. ఆంధ్ర నుంచి ఎమ్మెస్కే ప్రసాద్ కీపర్‌గా, వేణుగోపాలరావు బ్యాటర్‌గా వెళ్లారు. మహిళల్లో సికింద్రాబాద్ పూర్ణిమా రావు భారత్‌కు కెప్టెన్‌గా చేసి, 33 వన్డేల్లో 50 వికెట్లు తీసింది. ఆమెకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఇప్పుడు మళ్లీ నితీశ్. 2003లో పుట్టాడు. హిందుస్థాన్ జింక్‌లో పనిచేసే తండ్రి, ఉదయ్‌పూర్ బదిలీ కంటే కొడుకు ఆటే ముఖ్యమనుకుని ఉద్యోగం వదిలేశారు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు, నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441, వాటితో పాటు 26 వికెట్లు. ఆ పరుగుల మోతలో 26 వికెట్లు ఎవరికీ వినపడలేదు. తమాషా ఏమంటే, టెస్టు జట్టుకు ఎంపికైనప్పుడు అతడి ఫస్ట్‌క్లాస్ బ్యాటింగ్ సగటు 21 దగ్గరుంది, వికెట్లు మాత్రం యాభై దాటాయి. కాగితం మీద అతడు బ్యాటింగ్ చేయగల బౌలర్. ఆస్ట్రేలియాలో అయిదు టెస్టులు ఆడి 298 పరుగులు, అయిదు వికెట్లతో తిరిగొచ్చేసరికి బౌలింగ్ వేయగల బ్యాటర్ అయ్యాడు.

2025 జులైలో లార్డ్స్ టెస్టు మొదటి ఉదయం డకెట్‌ను, క్రాలీని ఒకే ఓవర్లో అవుట్ చేశాడు. అంటే చేతనవుతుంది. ఆ నెలలోనే మోకాలి గాయం. అక్టోబరులో స్వదేశంలో వెస్టిండీస్‌తో రెండు టెస్టులు ఆడి, రెండింటిలో కలిపి నాలుగు ఓవర్లు వేశాడు. అహ్మదాబాద్‌లో బ్యాటింగ్ రాలేదు, ఢిల్లీలో బంతి రాలేదు. జడేజా, కుల్‌దీప్, వాషింగ్టన్ సుందర్ ఉన్న జట్టులో మన పిచ్‌ల మీద ఆరో బౌలర్‌గా సీమర్ ఎందుకు, అని అడిగితే కెప్టెన్ దగ్గర జవాబుండదు. అబిద్ అలీకి వచ్చిన చిక్కే ఇది, యాభై ఏళ్ల తర్వాత.

పిచ్‌లనే కారణంగా చూపేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. కపిల్ ఎదిగింది ఈ పిచ్‌ల మీదే. తేడా ఏమంటే కపిల్‌కు ముందు నిలబడి బంతి లాక్కోగల పేసర్ జట్టులో లేడు. ఓవర్ల మీద ఓవర్లు వేశాడు కాబట్టే ఆ వికెట్లు. ఇంకో సంగతి, 131 టెస్టుల్లో గాయం వల్ల అతడు ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు. శరీరం గురించిన ఈ మాట మనం తక్కువగా మాట్లాడుకుంటాం. హార్దిక్ పాండ్యా పదకొండు టెస్టుల దగ్గర, 2018లో ఆగిపోయింది ప్రతిభ చాలక కాదు, నడుము సహకరించక. పేస్ వేసే ఆల్‌రౌండర్ రెండు ఉద్యోగాల బరువు ఒకే వెన్నెముక మీద మోస్తాడు. ఓవర్లు ఇవ్వకపోతే ఎదగడు, ఉన్నట్టుండి ఎక్కువిస్తే విరుగుతాడు. ఏడాది పొడవునా మెల్లగా పెంచాలి. జాతీయ జట్టు వెంట తిరుగుతూ తుది పదకొండులో లేనివాడికి ఆ పెంపకం ఎక్కడ జరుగుతుంది?

ఐపీఎల్ ఈ విషయంలో చేసింది మేలు కాదు. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన తెచ్చారు. పన్నెండో మనిషిని మధ్యలో దించే వీలుంటే, నికార్సైన బ్యాటర్‌ను, నికార్సైన బౌలర్‌ను మార్చుకోవచ్చు. రెండు ఓవర్లు వేసే బ్యాటర్ అవసరమే ఉండదు. రోహిత్ శర్మ 2024లో ఈ మాటే బాహాటంగా అన్నాడు. ఆ ఏడాది సన్‌రైజర్స్ తరఫున నితీశ్ 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ బహుమతి అందుకున్నాడు. వికెట్లు మూడు. నిబంధన లేకుండా ఉంటే ఎన్ని ఓవర్లు దక్కేవో ఊహించడం కష్టం కాదు.

నాయుడుపేట వైపు నుంచి చూస్తే ఇంకో పొర ఉంది. ఈ ఊరి నుంచి చెన్నైలోని చెపాక్ స్టేడియం సుమారు నూటపది కిలోమీటర్లు. విశాఖ స్టేడియం ఆరువందల కిలోమీటర్లకు పైనే. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. సరిహద్దు ఊరు. స్వర్ణముఖి ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడే ఏ పిల్లాడైనా ఆల్‌రౌండరే, ఆరుగురున్న జట్టులో ఇంకో దారి లేదు. తోలు బంతి దగ్గరికి వచ్చేసరికి కోచ్ మొదట అడిగేది, నువ్వు బ్యాటరా బౌలరా అని. పన్నెండేళ్లకే ఒకటి ఎంచుకోవాలి. దగ్గర్లో నెట్స్ ఒక్కటే ఉంటే, ముప్పైమంది వరసలో నిలబడితే, ఇద్దరి వంతు ఒకడికి ఎవరిస్తారు?

అందుకే కడప ముఖ్యం. చిన్నతనంలో నితీశ్‌ను గుర్తించి ఆంధ్ర క్రికెట్ సంఘం కడప అకాడమీకి పంపడంలో ఎమ్మెస్కే ప్రసాద్ చొరవ ఉంది. ఉండటం, చదువు, ఆట ఒకేచోట. రెండు పనులూ నేర్చుకునే తీరిక అలాంటి చోటే దొరుకుతుంది. ఆ కడప జిల్లాలోని ఎర్రమల్లె నుంచే శ్రీచరణి వెళ్లి 2025 ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. ఆమె స్పిన్నర్, ఈ వ్యాసం పరిధి కాదు. కానీ సీమలో వసతి పెడితే ఏమవుతుందన్న దానికి సాక్ష్యం. అనంతపురంలో ఆర్డీటీ మైదానాలున్నాయి, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చాలావరకు అక్కడే జరిగాయి. తిరుపతికి దిగువన, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు అలాంటి పేరున్న మైదానం ఒక్కటీ చెప్పుకోలేం.

ఇంతమందిలో రెండు పనులూ నిండుగా చేయనిచ్చిన ఒక టోర్నీని చూడాలంటే గొంగడి త్రిష దగ్గరికి వెళ్లాలి. భద్రాచలం అమ్మాయి. 2025లో మలేసియాలో జరిగిన అండర్-19 టీ20 ప్రపంచ కప్‌లో 309 పరుగులు, ఏడు వికెట్లు. స్కాట్లాండ్ మీద 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలో తొలి సెంచరీ. అదే మ్యాచ్‌లో ఆరు పరుగులకు మూడు వికెట్లు. ఫిబ్రవరి 2న ఫైనల్‌లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులకు మూడు వికెట్లు, తర్వాత 44 నాటౌట్. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. అక్కడ ఎవరూ ఆమెను నువ్వు బ్యాటరా, లెగ్ స్పిన్నరా అని అడగలేదు. ఓపెనింగ్‌కు పంపారు, బంతీ ఇచ్చారు. సీనియర్ జట్టులో స్మృతి మంధాన, షెఫాలీ వర్మ ఓపెనింగ్‌లో ఉన్నారు, స్పిన్ ఓవర్లకు దీప్తి శర్మ, రాధా యాదవ్, మన శ్రీచరణి ఉన్నారు. త్రిషకు అక్కడ చోటిచ్చేవాళ్లు ఈ రెండు వరసల్లో ఎవరిని పక్కకు జరపాలో ముందు తేల్చుకోవాలి.